బైబిల్లో అద్భుతాలు ఏ పని చేస్తాయి?

తెలుగునాట స్వస్థత కూటం గోడపత్రికల మీద తరచూ కనిపించే మాట ఒకటుంది: గుడ్డివారు చూపు పొందుతున్నారు, కుంటివారు నడుస్తున్నారు. మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది. అది ఎవరితో చెప్పిన మాట, ఎప్పుడు చెప్పిన మాట అన్నది మాత్రం గోడపత్రికలో పట్టదు.

అది జైల్లో ఉన్న మనిషికి పంపిన జవాబు. సోదరుడి భార్యను చేసుకోవడం తప్పని హేరోదు అంతిప ముఖం మీదే చెప్పినందుకు బాప్తిస్మమిచ్చే యోహాను చెరలో పడ్డాడు. అది మృత సముద్రానికి తూర్పున ఉన్న మకైరస్ కోట అని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అక్కడి నుంచి శిష్యులను పంపి యేసును ఒక ప్రశ్న అడిగించాడు యోహాను: రావలసినవాడివి (యూదులు ఎదురుచూస్తున్న రక్షకుడివి) నువ్వేనా, ఇంకొకరి కోసం కనిపెట్టాలా? యేసు అవుననలేదు, కాదనలేదు. కన్నవీ విన్నవీ వెళ్లి చెప్పండన్నాడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, కుష్ఠరోగులు శుద్ధులవుతున్నారు, చెవిటివారు వింటున్నారు, చనిపోయినవారు లేస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది.

ఈ మాటల వెనక యెషయా గ్రంథం 35, 61 అధ్యాయాలున్నాయి. 61వ అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది: చెరలో ఉన్నవారికి విడుదల. నజరేతు సమాజమందిరంలో యేసు దాన్ని కూడా చదివి వినిపించాడని లూకా రాశాడు. యోహానుకు పంపిన కబురులో మాత్రం అదొక్కటీ లేదు. దాని బదులు ‘నా విషయమై అభ్యంతరపడనివాడు ధన్యుడు’ అన్న వాక్యం ఉంది. తర్వాత యోహాను తలను పళ్లెంలో పెట్టి తీసుకొచ్చారు.

క్రైస్తవ విశ్వాసంలో అద్భుతం దేనికోసం అన్న ప్రశ్నను ఇక్కడి నుంచి పట్టుకోవడమే నయం. ఒకే జవాబులో అద్భుతాల జాబితా ఉంది, ఆ జవాబు అందుకున్న చోట అద్భుతం జరగని మనిషి ఉన్నాడు. అద్భుతాలున్నది కష్టాలు తీర్చడానికే అయితే ఆ జైలు తలుపు అందరికన్నా ముందు తెరుచుకోవాలి. యోహానుకు అందింది వచ్చినవాడెవరో తెలిపే ఆనవాలు. చావుకు ముందు ఆయనకు కావలసింది అదేనని సువార్త ఉద్దేశం. మనకు మింగుడుపడినా పడకపోయినా.

ఇంటికప్పు తవ్విన రోజు

ఆ ఆనవాలు ఎలా పనిచేస్తుందో మార్కు సువార్త 2వ అధ్యాయంలో దగ్గరగా కనిపిస్తుంది. కపెర్నహూములో ఒక ఇల్లు. జనం కిక్కిరిసి గుమ్మం దగ్గర కూడా చోటు లేదు. పక్షవాయువుతో పడి ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చారు. ఆ కాలపు గలిలయలో ఇళ్లు చదును మిద్దెలు. దూలాల మీద కొమ్మలూ రెల్లూ పరిచి, పైన మట్టి మెత్తేవారు. ఆ నలుగురూ పైకెక్కి కప్పు తవ్వారు. అంటే కింద బోధ సాగుతుండగానే వినేవాళ్ల నెత్తి మీద మట్టిపెళ్లలు రాలుతున్నాయి. కన్నం చేసి పరుపుతో సహా మనిషిని దించారు. లేచి నడవమంటాడని అందరూ చూస్తుంటే యేసు అన్న మాట వేరు: ‘కుమారుడా, నీ పాపాలు క్షమించబడ్డాయి.’

అంత కష్టపడి కప్పు తవ్విన నలుగురూ అది విని ఏమనుకున్నారో మార్కు రాయలేదు. అక్కడ కూర్చున్న శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, ఏమనుకున్నారో రాశాడు. దేవుడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు, ఇది దైవదూషణ కదా అనుకున్నారు. అప్పుడు యేసు వాళ్లను అడిగాడు: పాపాలు క్షమించబడ్డాయనడం తేలికా, లేచి పరుపెత్తుకుని నడవమనడం తేలికా? మొదటిది ఎవరైనా అనేయొచ్చు. జరిగిందో లేదో చూసొచ్చి చెప్పేవాళ్లు లేరు. రెండోది అన్నారంటే అక్కడికక్కడే తేలిపోతుంది. పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి (తన గురించి యేసు వాడిన పేరు) భూమి మీద ఉందని మీకు తెలియాలి అని చెప్పి, అప్పుడు ఆ మనిషిని లెమ్మన్నాడు.

అద్భుతం ఎందుకు చేస్తున్నాడో యేసు నోటనే ఇంత సూటిగా వినిపించే చోట్లు సువార్తల్లో ఎక్కువ లేవు. కంటికి కనిపించనిదానికి కనిపించేదాన్ని సాక్ష్యం పెట్టాడు. యోహాను సువార్త పద్ధతీ ఇదే. కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన దగ్గర నుంచి లాజరును సమాధిలోంచి పిలిచిన దాకా ఏడు సూచక క్రియలను ఏరి వరుసలో పెట్టి, ఇవి మీరు నమ్మడానికీ, నమ్మి జీవం పొందడానికీ రాసినవని 20వ అధ్యాయంలో తేల్చి చెబుతుంది.

సాక్ష్యం అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. శక్తి చూపించడమే పనైతే ఆకాశంలో నిప్పులు కురిపించినా సరిపోయేది. నిజానికి సమరయలో ఒక ఊరు తమను రానివ్వనప్పుడు నిప్పు కురిపిద్దామా అని శిష్యులు యాకోబు, యోహాను (ఈ యోహాను వేరు) అడిగారు కూడా. యేసు వాళ్లనే గద్దించాడు. ఆయన అద్భుతాలన్నీ దాదాపు ఆకలి, రోగం, చావు, దయ్యం, తుపాను చుట్టూనే తిరుగుతాయి. దేవుని రాజ్యం వస్తే ఏమేం ఉండవో వాటి చుట్టూ. లోకం చివరకు ఎలా ఉండబోతోందో అక్కడక్కడా ముందే ఒక తునక చూపించారన్నమాట. నేను దేవుని వేలితో దయ్యాలను వెళ్లగొడుతుంటే దేవుని రాజ్యం మీ దాకా వచ్చేసినట్టే అని లూకా 11లో ఆయన అన్నది దీన్నే.

రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ కథ చూడండి. ఎందరో వైద్యుల దగ్గర తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుంది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అశుచి, ఆమె ముట్టుకున్నవాళ్లూ అశుచే. గుంపులో చాటుగా వచ్చి యేసు వస్త్రపు అంచు ముట్టుకుంది, బాగైంది. కథ అక్కడితో అయిపోవాలి. యేసు ఆగి, ముట్టుకున్నది ఎవరని అడిగి, ఆమె వణుకుతూ ముందుకొచ్చి నిజం చెప్పేదాకా కదల్లేదు. అందరూ వింటుండగా ‘కుమారీ’ అని పిలిచాడు. రోగం చాటున పోతే ఆమెకు ఒళ్లు మాత్రమే బాగయ్యేది. ఊళ్లో మళ్లీ మనిషిగా తిరగాలంటే నలుగురిలో ఆ పిలుపు కావాలి. ఆ వెంటనే యాయీరు అనే ఆయన చనిపోయిన కూతుర్ని లేపాక యేసు చెప్పినవి రెండే. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దు, పిల్లకు తినడానికేమైనా పెట్టండి. పెద్ద తెర, నాలుగు కెమెరాలు, ప్రత్యక్ష ప్రసారం అలవాటైన మన కాలానికి ఆ రెండు మాటలూ ఇబ్బందిగానే తగులుతాయి.

అడిగితే చేయలేదు

అద్భుతం రుజువే అయితే, రుజువు అడిగినవాళ్లకు చూపించాలి కదా? సువార్తల్లో జరిగేది దీనికి తలకిందులు. పరిసయ్యులు ఆకాశం నుంచి ఒక సూచన చూపించమంటే యేసు పెద్ద నిట్టూర్పు విడిచి పడవెక్కి వెళ్లిపోయాడు. అరణ్యంలో రాళ్లను రొట్టెలు చేసుకోమన్నది, దేవాలయ శిఖరం మీంచి దూకి చూపించమన్నది సాతాను. అంటే సొంత ఆకలి కోసం అద్భుతం, జనం మెప్పు కోసం అద్భుతం రెండూ శోధనల లెక్కలోకే వచ్చాయి.

అయిదు వేల మందికి రొట్టెలు పంచిన మర్నాడు యోహాను 6లో జరిగింది మరీ చేదుగా ఉంటుంది. జనం సముద్రం దాటి వెతుక్కుంటూ వచ్చారు. సంతోషించాల్సింది పోయి యేసు వాళ్లతో అన్నాడు: ‘మీరు సూచనలను చూచుటవలన కాదు గాని రొట్టెలు భుజించి తృప్తి పొందుటవలననే నన్ను వెదకుచున్నారు.’ ఆ సంభాషణ ముగిసేసరికి శిష్యుల్లోనే చాలామంది వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. అంత పెద్ద అద్భుతం తర్వాత గుంపు పెరగలేదు, పల్చబడింది. లాజరు విషయంలో ఇంకా ఘోరం. నాలుగు రోజుల శవం లేచి వచ్చిందని విన్న ప్రధాన యాజకులు మహాసభ కూర్చోబెట్టి, ఆ రోజు నుంచి యేసును చంపడానికి ఆలోచన మొదలుపెట్టారు. లాజరునూ చంపాలనుకున్నారు. అద్భుతం జరిగిందన్నది వాళ్లకు సందేహమే కాదు, అదే వాళ్ల తలనొప్పి.

అద్భుతం చూస్తే నమ్ముతారన్న భ్రమ బైబిల్‌కు లేదు. ధనవంతుడూ లాజరూ ఉపమానంలో (ఆ లాజరు వేరు) చనిపోయినవాడు లేచి వెళ్లి చెప్పినా నమ్మరనే ఉంది. ఇంకో అడుగు ముందుకేసి, అద్భుతం చేసినవాళ్లందరూ దేవుని పక్షం కాదని కూడా చెబుతుంది. మోషే ఎదుట ఐగుప్తు మాంత్రికులు కూడా కర్రలను పాములు చేశారు, కప్పల్ని రప్పించారు. పేల దగ్గరకొచ్చేసరికి వాళ్ల విద్య ఆగిపోయింది. ద్వితీయోపదేశకాండం 13 ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది: ఒక ప్రవక్త సూచన చెప్పాడు, అది జరిగింది కూడా, అయినా వేరే దేవతల వైపు తిప్పితే అతని మాట వినవద్దు. నీ పేరిట అద్భుతాలు చేశాం కదా అని తీర్పు రోజున వచ్చేవాళ్లతో మిమ్మల్ని ఎరగనని చెబుతానన్నాడు యేసు. బోధను చూసి అద్భుతాన్ని తూచమంటుంది బైబిల్. అద్భుతం చేశాడు గనక ఏం బోధించినా వినాలి అన్న లెక్క దానిలో లేదు. అటువైపు, బాప్తిస్మమిచ్చే యోహాను ఒక్క సూచక క్రియ కూడా చేయలేదని సువార్తే చెబుతుంది. స్త్రీలు కన్నవారిలో అతనికన్నా గొప్పవాడు పుట్టలేదన్న మాట వచ్చింది మాత్రం అతని గురించే.

ఇక విశ్వాసం సంగతి. నీకు విశ్వాసం చాలలేదు, అందుకే స్వస్థత రాలేదు అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎంత గాయం చేసిందో చెప్పలేం. దానికి ఆధారంగా చూపించే వాక్యాలున్నాయి. నీ విశ్వాసం నిన్ను బాగుచేసిందని యేసు అన్నాడు. నజరేతులో జనం అవిశ్వాసం వల్ల కొద్దిమంది రోగులను తప్ప బాగుచేయలేకపోయాడని మార్కు రాశాడు. మరి బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషికి బాగయ్యాక కూడా బాగుచేసినది ఎవరో తెలియదు. నాయీనులో విధవరాలి కొడుకు పాడె మీద ఉన్నాడు, ఎవరూ ఏమీ అడగలేదు, అయినా లేచాడు. గెత్సెమనేలో తెగిన చెవి మళ్లీ బాగైన మల్కు యేసును పట్టుకోవడానికి వచ్చినవాడు. మూర్ఛరోగి తండ్రి అయితే ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అన్నాడు, సగం సగం నమ్మకంతోనే కొడుకును దక్కించుకున్నాడు. ఇన్ని కథలు పక్కపక్కన పెడితే విశ్వాసం చెల్లించాల్సిన వెల అన్న సూత్రం నిలబడదు. చేయి చాపడమే అక్కడ విశ్వాసం. చాపలేనివాళ్లకూ అందింది.

ఆగిపోయాయా, సాగుతున్నాయా?

అపొస్తలుల (యేసు పంపిన తొలి శిష్యుల) తర్వాత అద్భుతాలు ఉన్నాయా అన్నది సంఘంలో ఇప్పటికీ తెగని తగవు. పోపు గ్రెగొరీ 6వ శతాబ్దం చివర్లో ఇచ్చిన ప్రసంగంలో ఒక పోలిక ఉంది: కొత్తగా నాటిన మొక్కకు వేరు పట్టేదాకా నీళ్లు పోస్తాం, పట్టాక మానేస్తాం, తొలినాటి సంఘానికి అద్భుతాలు అలాంటివి. అంతకుముందరి వేదాంతి అగస్టీన్ కూడా మొదట్లో దాదాపు ఇలాగే ఆలోచించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోకు బిషప్పై, తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను అవశేషాల దగ్గర జరిగిన స్వస్థతలు విన్నాక మనసు మార్చుకుని, తన చివరి పెద్ద గ్రంథంలో వాటిని ఒక్కొక్కటే రాసి పెట్టాడు. అద్భుతం ప్రకృతికి విరుద్ధం కాదు, ప్రకృతి గురించి మనకు తెలిసినదానికి విరుద్ధం అన్నదీ ఆయనే.

సంస్కరణ కాలంలో కతోలికులు మీ దగ్గర అద్భుతాలేవని ప్రొటెస్టంట్లను నిలదీశారు. మేం కొత్త సువార్త తేలేదు, పాత సువార్తకు ముద్ర వేసిన అద్భుతాలే మాకూ చాలునని ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ బదులిచ్చాడు. ఆ దారిలోనే అమెరికా పండితుడు వార్‌ఫీల్డ్ 1918లో, అద్భుత వరాలు అపొస్తలులకు గుర్తింపు పత్రాలు, వాళ్లతోనే ముగిశాయి అని వాదించాడు. విచిత్రమేమిటంటే అప్పటికి పన్నెండేళ్ల కిందటే, 1906లో, లాస్ ఏంజెలిస్ అజూసా వీధిలో నల్లజాతి బోధకుడు విలియం సేమూర్ నడిపిన ఆరాధనల నుంచి పెంతెకోస్తు ఉద్యమం లోకమంతా పాకడం మొదలైంది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: రాజ్యం ఇంకా వస్తూనే ఉంటే దాని ఆనవాళ్లు ఎందుకు ఆగాలి? ఈ రెండు వైపులా బైబిల్ వాక్యాలే ఉన్నాయి. ఎవరిది పూర్తిగా తప్పు అనడం నాకు చేతకాదు. కానీ ఆగిపోయాయనేవాళ్లు అద్భుతాన్ని రుజువుగా మాత్రమే చూశారనీ, రాజ్యపు తునకగా చూసిన వైపును వదిలేశారనీ అనిపిస్తుంది.

1748లో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దెబ్బ సరిగ్గా ఆ రుజువు మీదే పడింది. ప్రకృతి నియమం తప్పిందనడం కన్నా చెప్పినవాడు పొరబడ్డాడనో అబద్ధమాడాడనో అనుకోవడమే ఎప్పుడూ సబబు అన్నాడాయన. అద్భుతాలను కోర్టులో దాఖలు చేసిన దస్తావేజుల్లా చూపించిన వాళ్లకు అది గట్టి దెబ్బే. దేవుడున్నాడని ముందే నమ్మినవాడికి లెక్క వేరుగా ఉంటుంది, ఆ లెక్క హ్యూమ్ ఒప్పుకోడు. వాదన ఇప్పటికీ అక్కడే ఉంది.

కతోలిక సభ మధ్యేమార్గం పట్టి, జరుగుతాయి గానీ పరీక్షించాలి అంటుంది. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో బెర్నదెత్ సుబిరూ అనే బాలికకు మరియమాత దర్శనాలు కలిగాయన్న దగ్గర నుంచి స్వస్థతల కబుర్లు మొదలయ్యాయి. అక్కడ వైద్య కార్యాలయం 1883 నుంచి ఉంది. రోగం తీవ్రమైనదై ఉండాలి, ఉన్నట్టుండి పూర్తిగా తగ్గాలి, మళ్లీ తిరగబెట్టకూడదు, తీసుకున్న చికిత్స వల్ల తగ్గిందని చెప్పే వీలుండకూడదు. వైద్యులు అద్భుతం అనరు. ఇప్పటి వైద్యానికి దీని కారణం తెలియదని మాత్రమే రాస్తారు. అద్భుతమని ప్రకటించేది బిషప్పు, అదీ ఏళ్ల తర్వాత. నమోదైన స్వస్థతలు ఏడు వేలకు పైగా ఉంటే, 2018 నాటికి సభ ఒప్పుకున్నవి 70. వాటిని నమ్మి తీరాలని కూడా ఎవరినీ నిర్బంధించదు.

ఆ లూర్దుమాత పేరిటే విజయవాడ గుణదల కొండ మీద 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. కొండెక్కేవాళ్లలో కొందరు తలనీలాలిస్తారు, కొందరు మొక్కు తీర్చుకుంటారు, క్రైస్తవులు కానివాళ్లూ వస్తారు. లూర్దు వైద్యుల దస్త్రాలతో వాళ్లకు పనిలేదు. బిడ్డ బతికాడు, అంతే. కతోలిక సభ ధర్మోపదేశ గ్రంథం మాత్రం అద్భుతాలు కుతూహలం తీర్చడానికో, ఇంద్రజాలం మీద మోజు తీర్చడానికో కావనీ, యేసు కొందరిని ఆకలి నుంచి, రోగం నుంచి, చావు నుంచి విడిపించినా, ఈ లోకంలోని బాధలన్నీ తీసేయడానికి రాలేదనీ చెబుతుంది.

మిలేతులో మిగిలిపోయిన త్రోఫిము

ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. ప్రార్థన రుమాళ్లు, ప్రార్థన నూనె సీసాలు ఇచ్చేవాళ్లు చూపించే వాక్యం ఇదే. ఆ ఎఫెసు ఊరివాడే త్రోఫిము, పౌలుతో పాటు తిరిగినవాడు. రెండో తిమోతి పత్రిక చివర్లో పౌలు ఒక్క ముక్కలో రాశాడు: త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో వదిలేసి వచ్చాను. చేతిగుడ్డ సంగతి లేదు, త్రోఫిము విశ్వాసం మీద నింద లేదు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన ఒంట్లో ముల్లు తీసేయమని తానే మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు: ‘నా కృప నీకు చాలును.’

హేరోదు అగ్రిప్ప అనే రాజు, శిష్యుడైన యోహాను సోదరుడు యాకోబును కత్తితో చంపించాడు. పేతురును పట్టుకుంటే దూత వచ్చి సంకెళ్లు విప్పాడు. ఇద్దరూ అపొస్తలులే. ఒకరికెందుకు, ఇంకొకరికెందుకు కాదు అన్నది లూకా రాయలేదు. యూదు యువకులు షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు బబులోను రాజు నెబుకద్నెజరుతో అన్న మాటలో ఈ తేడాకు చోటుంది: మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం.

వైద్యానికీ విశ్వాసానికీ ఉన్నట్టు చెప్పే పోటీ కూడా ఇక్కడ కనిపించదు. లూకా వైద్యుడు. యేసు కుష్ఠరోగిని ముట్టుకున్న కథ చదివినవాళ్లే తెలుగునాట ఆసుపత్రులు కట్టారు. గుంటూరుకు 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది, ఆమె పేరు మీద ఆసుపత్రి ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కోసం స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ పనిచేసింది. వాళ్లు ప్రార్థన చేస్తూనే మందు ఇచ్చారు.

మార్కు మొదటి అధ్యాయంలో ఆ కుష్ఠరోగి శుద్ధుడయ్యాక యేసు అతణ్ణి వేదిక ఎక్కించలేదు. ఎవరితో ఏమీ చెప్పకు, వెళ్లి యాజకుడికి చూపించుకో అని పంపాడు. లేవీయకాండం 14 ప్రకారం యాజకుడు పాళెం బయటికి వచ్చి ఒళ్లు పరీక్షించాలి, పొడ నిజంగా పోయిందని తేల్చాలి, ఆ తర్వాత కూడా ఆ మనిషి ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి. అంటే బాగుచేసినవాడే పరీక్షకు పంపాడు. ఆ లెక్కన షుగర్ పోయిందని సాక్ష్యం చెప్పినవాళ్లను, మాత్రలు మానకుండా ముందు రక్తపరీక్ష చేయించుకుని రమ్మనే పాస్టర్లు చేస్తున్నది వాక్య ప్రకారమే. పరీక్ష అడగడమే అవిశ్వాసం అనేవాళ్లు ఆ అధ్యాయానికి ఏం అర్థం చెబుతారో వాళ్లనే అడగాలి.